ఇమ్మిగ్రేషన్ లా ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్ చేయడం తేలికే, కాలేజీలో ఒప్పించడమే నరకం

నిన్న సాయంత్రం నా ఇంటర్న్‌షిప్ డైరీ మీద ప్రిన్సిపాల్ సంతకం పడింది కాబట్టి ఇది రాసే ఓపిక వచ్చింది.

నాది హైదరాబాద్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెండో ఏడాది. సీనియర్ అక్క చెప్పింది, రెజ్యూమె పంపాను, ఫోన్‌లో కాసేపు మాట్లాడి రమ్మన్నారు, అంతే. అమెరికా ఇమ్మిగ్రేషన్ లా ఫర్మ్‌కి మాదాపూర్‌లో ఉన్న ఆఫీసు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, కాబట్టి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది.

పని మాత్రం బాగుంది. అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసా లాటరీలో పేరొచ్చినవాళ్ల పిటిషన్లు జూన్ నెలాఖరులోగా వెళ్లిపోవాలి, నేను చేరింది సరిగ్గా ఆ హడావిడిలో. ఐ-129 ఫారం (అదే ఆ పిటిషన్), ఎల్‌సీఏ (జీతం, పనిచేసే చోటు గురించి కంపెనీ అమెరికా కార్మిక శాఖకి ఇచ్చే పత్రం), డిగ్రీ, మార్కుల మెమోలు, పాస్‌పోర్టు అన్నీ ముందేసుకుని పేరూ, జీతమూ, పనిచేసే ఊరూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూడాలి. మనవాళ్ల ఫైలైతే ఇంకాస్త ఓపిక కావాలి, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. నాకు బాగా నచ్చింది ఆర్‌ఎఫ్‌ఈలకి, అంటే ఇంకా ఆధారాలు చూపించమని వచ్చే నోటీసులకి, జవాబు రాయడం. మెకానికల్ బీటెక్ చదివినవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే, ఆ డిగ్రీకీ ఈ పనికీ ఏంటి సంబంధమని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ అడుగుతుంది. అతను చదివిన సబ్జెక్టులు ఒకపక్క, చేసే పనులు ఒకపక్క పెట్టి చూపించాలి. రుజువు భారం ఎవరిమీద ఉంటుందో ఎవిడెన్స్ క్లాసులో బట్టీ పట్టాను గానీ, అర్థమైంది మాత్రం అక్కడే.

సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీకి వెళ్లాక మొదలైంది అసలు కథ. కాలేజీ ఇంటర్న్‌షిప్ డైరీలో చివర ఒక గడి ఉంటుంది, అడ్వకేట్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్. నా పని చూసిన అటార్నీ ఉండేది అమెరికాలో, ఆవిడకి అక్కడి స్టేట్ బార్ నంబర్ ఉంది, మన బార్ కౌన్సిల్ నంబర్ ఎక్కడినుంచి వస్తుంది? గడి ఖాళీగా ఉందని క్లర్క్ తీసుకోలేదు, మాకు పాఠం చెప్పే సార్ దగ్గరికి వెళ్లమన్నాడు. సార్ లెటర్‌హెడ్ మీద 'ప్రైవేట్ లిమిటెడ్' చూసి, ఫస్టియర్ పిల్లలంతా అడ్మిషన్ కాగితాలతో నిలబడి ఉండగా, 'ఏమ్మా, లా చదువుతున్నావా, అమీర్‌పేటలో వీసా కన్సల్టెన్సీ పెడదామనుకుంటున్నావా?' అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో సగంమంది అన్నయ్యలు, బావలు ఆ హెచ్-1బీ మీదే బతుకుతుంటారని నా నమ్మకం.

ఆయన అంతటితో ఆపలేదు, విదేశీ లా ఫర్ములు ఇక్కడ ప్రాక్టీసు చేయకూడదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నువ్వు చేసిందే చట్టవిరుద్ధం అన్నారు. భయం వేసింది, ఒప్పుకుంటాను. ఆ రాత్రి ఆయన చెప్పిన ఆ తీర్పు, ఏ.కె. బాలాజీ కేసుది, మొత్తం చదివాను. ఆయన చెప్పింది సగమే. బీపీఓ కంపెనీలు, అంటే బయటి సంస్థల పని ఇక్కడ చేసిపెట్టేవి, చేసే సేవలు అడ్వొకేట్స్ చట్టం కిందికి రావనీ, అసలు స్వభావంలో అది న్యాయవాద వృత్తే అయితే తప్ప అడ్డు లేదనీ అదే తీర్పులో ఉంది. ఇక బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయొచ్చో చెప్పే జాబితాలో లా ఫర్ములతో పాటు కంపెనీలు కూడా ఉన్నాయి. రెండూ ప్రింట్ తీసి, గీతలు గీసి, ఈసారి సార్ దగ్గరికి కాదు, నేరుగా ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చదివి, గడిలో 'వర్తించదు' అని రాయించి సంతకం పెట్టారు. సార్ ఇప్పుడు కారిడార్‌లో కనిపిస్తే ఫోన్ చూసుకుంటున్నారు. పాఠం చెప్పేవాళ్లు తీర్పు చివరిదాకా చదవకపోతే మేం ఏం నేర్చుకోవాలి?

ఎవరైనా ఇలాంటి చోట చేరాలనుకుంటే చేరకముందే కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. సర్టిఫికెట్‌లో 'ప్రాసెసింగ్' అనే మాట పడనివ్వకండి, లీగల్ రీసెర్చ్, డ్రాఫ్టింగ్ అని చేసిన పని స్పష్టంగా రాయించుకోండి. ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు, మించితే అదో గొడవ. కోర్సు మొత్తంలో ఒకసారైనా కోర్టు అడ్వకేట్ దగ్గర చేయాలన్న రూల్ దీనివల్ల తీరదు, అది వేరే చూసుకోవాలి.

స్టైపెండ్ ఎంతని అడుగుతున్నారు కొందరు. ఏమీ లేదు, రాత్రి భోజనం, ఇంటిదాకా క్యాబ్, అంతే.