ఒకే బ్రౌన్ అడిగితే రెండు వచ్చాయి

బరంపురంలో చెప్పులు కుట్టే మా బావ మొన్న రెండు తోలు ముక్కలు నా ముందు పెట్టి, "ఒకే బ్రౌన్ అడిగాను, ఇదేంటి బావా?" అన్నాడు. ఒకదాంట్లో ఎరుపు ఛాయ, ఇంకోదాంట్లో పసుపు. రాణిపేటలో తోళ్ల ఫ్యాక్టరీలో, తోళ్లకు రంగు వేసే డ్రమ్ముల దగ్గర పదేళ్లు పనిచేసినవాణ్ణి, ఆ తేడా చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అందరూ రంగునే అనుమానిస్తారు. కానీ నేను చూసినంతలో తప్పు చాలాసార్లు రంగు వేయకముందే జరిగిపోతుంది. క్రోమ్ పట్టిన తోలులో, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలులో, ఆమ్లం ఉంటుంది, దాన్ని సోడియం ఫార్మేట్, సోడా బైకార్బొనేట్‌తో తగ్గించాలి. తగ్గిందో లేదో తెలియాలంటే అంచు కోసి, కోసిన చోట బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే, ఆమ్లాన్ని బట్టి రంగు మారే ద్రావణం చుక్క వేస్తాం. పైనా కిందా నీలం వచ్చి మధ్యలో పసుపు గీత మిగిలితే లోపల ఇంకా ఆమ్లం ఉన్నట్టే. ఆ గీత ఒక లాటులో (ఒకే విడతలో డ్రమ్ములో వేసిన తోళ్లలో) సన్నగా, ఇంకో లాటులో లావుగా ఉంటే రంగు ఒకేలా దిగదు. నేనోసారి తొందరలో ఈ పరీక్ష వదిలేస్తే లాటంతా మచ్చలొచ్చాయి, ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

తూకం కూడా ముఖ్యమే. రంగు శాతం షేవింగ్ (తోలును ఒకే మందానికి చెక్కడం) అయ్యాక ఉన్న బరువు మీద లెక్క కాబట్టి, తోలులో నీరు ఎక్కువ తక్కువైతే లెక్క తప్పుతుంది. చివర్లో రంగు తోలుకు పట్టి నిలవడానికి వేసే ఫార్మిక్ ఆసిడ్‌ను నీళ్లలో కలిపి విడతలుగా పోయాలి, ఒకేసారి గుమ్మరించకూడదు.

షేడ్ మాత్రం తోలు ఆరాకే, పగటి వెలుగులోనే చూడాలి. బావ ముక్కల్ని ట్యూబ్‌లైట్ కింద నుంచి వాకిట్లోకి తెస్తే తేడా ఇంకా పెరిగింది. జతలో రెండు చెప్పులూ ఒకే తోలులోంచి కోయమన్నాను.