వినాలెస్‌లో ఘాటు లేని చుట్ట

క్యూబా వెళ్లేవాళ్లు హవానాలోనే సిగార్ కాల్చి ఫొటో దిగి వచ్చేస్తారు గానీ, కుదిరితే పశ్చిమాన పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వినాలెస్ దాకా వెళ్లండి. హవానా నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. బస్సు టికెట్లు దొరక్క మేం షేర్ ట్యాక్సీ ఎక్కాం. పాతకాలపు అమెరికన్ కారు, లోపల డీజిల్ వాసన, ఏసీ మాట అడక్కండి.

ఊరు దగ్గరపడేకొద్దీ నేల ఎర్రబడుతుంది, చదునైన పొగాకు చేల మధ్య నుంచి సున్నపురాయి గుట్టలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. వాటిని అక్కడ మొగోతెస్ అంటారు. 1999లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దుక్కి ఇప్పటికీ ఎద్దులతోనే.

మేం వెళ్లింది ఫిబ్రవరిలో, కోతల కాలం. మాకు గది ఇచ్చిన ఇంటావిడ ఒక రైతు దగ్గరికి పంపింది. తాటాకు కప్పిన పెద్ద కొట్టం, లోపల చీకటి, కర్రల మీద వరుసలుగా వేలాడే ఆకు. మన దగ్గర వర్జీనియా పొగాకుకు బ్యారన్‌లో మంట పెట్టి వేడి మీద క్యూరింగ్ చేస్తారు కదా, ఇక్కడ నిప్పు ఊసే లేదు, నెలన్నర రెండు నెలలు ఉత్త గాలికే ఆరుతుంది.

మాది గోదావరి పక్క. లంక పొగాకు చుట్ట వాసనకే కళ్లు మండిన ఇంట్లో పెరిగాను కాబట్టి సిగార్ అంటే ఘాటే అనుకున్నా. ఆ రైతు నవ్వి ఆకులు మూడు రకాలుగా పరిచి చూపించాడు. మొక్క పైభాగాన ఎండంతా తాగే ఆకు లిహెరో, ఘాటంతా దాన్లోనే. నడిమి ఆకు సెకో, వాసన దానిది. అడుగు ఆకు వొలాదో, చక్కగా కాలడానికి. ఘాటు తగ్గాలంటే లిహెరో తగ్గించడమే, వేరే మందూమాకూ కలపరు. మా కోసం అది అసలు వేయకుండా చుట్టాడు.

చుట్టేటప్పుడు నడిమి ఈనె లాగి పారేస్తూ నికోటిన్ అంతా అందులోనే పోయిందన్నాడు. ఆ ఊళ్లో టూరిస్టులందరికీ చెప్పే మాటే ఇది. నిజానికి నికోటిన్ ఈనెలో కంటే ఆకు రేకులోనే ఎక్కువ. ఈనె తీసేది అది సరిగ్గా కాలదని. అతిథి మర్యాద కోసం తలూపాను. నోట్లో పెట్టుకునే కొసను తేనెలో ముంచబోతే మాత్రం వద్దన్నా, ఆ తీపి మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది.

వెలిగించకముందే ఒకసారి ఊరికే పీల్చి చూడండి, ఎండుగడ్డి వాసన తగులుతుంది. తర్వాత మంట అంటకుండా సెగకు మాత్రమే కొస చూపించి తిప్పుతూ వెలిగించాలి. మొదట్లో నాకు ఏ రుచీ తెలియలేదు. పొగను గొంతులోకి దించకుండా నోట్లోనే నిలిపి, కొద్దిగా ముక్కులోంచి వదిలాక తెలిసింది: ముందు మీగడ లాంటి మెత్తదనం, వెనక వేయించిన జీడిపప్పు, సగం దాటాక దేవదారు చెక్క, చివరికి కాస్త మిరియం. నిమిషానికి ఒక దమ్ము, అంతే. తొందరపడితే చుట్ట వేడెక్కి ఈ సున్నితమైన రుచులే ముందు చచ్చిపోయి చేదు మిగులుతుంది, ఘాటు చుట్టకైతే ఆ తొందర కొంత చెల్లుతుందేమో. మా బావ సిగరెట్ లాగినట్టు లాగాడు, పావుగంటకే ఎక్కిళ్లు, తల తిరుగుడు. రైతు వాళ్లావిడ బాగా చక్కెర వేసిన కాఫీ తెచ్చి కూర్చోబెట్టింది. మైల్డ్ అన్నది రుచికి సంబంధించిన మాటే సుమా, పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది.

తిరిగి హవానా వచ్చాక సర్కారీ దుకాణంలో ఓయో దె మోంతెర్రెయ్ బ్రాండు సిగార్, ఎపిక్యూర్ నంబర్ 2 తీసుకున్నా. క్యూబా సిగార్లలో మెత్తనిదని పేరు. 124 మిల్లీమీటర్ల పొడవు, 50 రింగు, అంటే అంగుళంలో 64 భాగాలకు 50 భాగాల లావు. నుసి గట్టిగా నిలిచింది, పొగ నునుపుగా ఉంది. రైతు చుట్టలో ఉన్న పచ్చి వాసన ఇందులో లేదు, ఎందుకంటే ఆకు బాగా పులిసి, మాగి వస్తుంది. మొదటి సగం దీనిదే పైచేయి. చివరి సగంలో మాత్రం నా ఓటు రైతు చుట్టకే.

కొనేవాళ్లకు ఒక మాట. రైతులు పంటలో 90 శాతం ప్రభుత్వానికి అమ్మాలి, మిగిలిన 10 శాతం వాళ్లది, అందుకే పొలంలో కొన్న చుట్టకు బ్యాండు, అంటే బ్రాండు పేరున్న కాగితం పట్టీ, ఉండదు. వీధిలో బ్యాండుతో చవగ్గా అమ్మేవి చాలావరకు నకిలీవి, ఫ్యాక్టరీలో మా అన్నయ్య పనిచేస్తాడని చెప్పినా సరే నమ్మకండి. మన కస్టమ్స్ దగ్గర 25 సిగార్ల వరకు డ్యూటీ లేదు. మా బావ తన వాటా కోటా నాకిచ్చేసి రమ్ము కొనుక్కుంటానన్నాడు గానీ, ఒకరి కోటా ఇంకొకరికి కలపరట.