ఇంటి ల్యాబ్‌లో జింబ్రా బ్యాకప్: నాలుగు వారాల లాగ్

ప్రస్తుత సెటప్: 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్. దాని మీద మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ జింబ్రా 8.8.15 ఓపెన్ సోర్స్ ఎడిషన్, 40 టెస్ట్ అకౌంట్లు. బ్యాకప్ చేరేది 2 టీబీ హార్డ్ డిస్కు పెట్టిన ఇంకో చిన్న మెషీన్‌కి. ఈ వెర్షన్‌కి 2023 చివరితో సపోర్ట్ ముగిసింది కాబట్టి సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తెరవలేదు. చిన్న ఆఫీసుల్లో ఇదింకా నడుస్తూనే ఉంది, పైగా ఓపెన్ సోర్స్ ఎడిషన్‌లో బ్యాకప్ సదుపాయం ఉండదు. అది డబ్బు కట్టే నెట్‌వర్క్ ఎడిషన్‌కే. అందుకే ఈ ప్రయత్నం.

మొదటి వారం: ఏది ఎక్కడుంది

జింబ్రాలో ఒక మెయిల్ ఒకే చోట ఉండదు. అసలు మెసేజ్ ఫైలు ఆప్ట్/జింబ్రా కింద స్టోర్ ఫోల్డర్‌లో ఉంటుంది. అది ఏ ఫోల్డర్‌కి చెందింది, చదివారా లేదా అన్న లెక్క మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటుంది. అకౌంటు, పాస్‌వర్డ్, ఫిల్టర్లు, సిగ్నేచర్లు ఎల్‌డాప్ అనే డైరెక్టరీలో (అకౌంట్ల వివరాల పట్టికలో) ఉంటాయి. ఈ మూడూ ఒకే క్షణానివి అయితేనే బ్యాకప్. స్టోర్‌ని రాత్రి 1 గంటకీ, డేటాబేస్‌ని 2 గంటలకీ తీస్తే మధ్యలో వచ్చిన మెయిళ్ళకి లిస్టులో సబ్జెక్ట్ కనిపిస్తుంది, నొక్కితే మెసేజ్ తెరుచుకోదు. టూల్ ఎంచుకోవడం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కాబట్టి ఆప్ట్/జింబ్రా మొత్తాన్నీ ఒకే ఎల్‌వీఎం లాజికల్ వాల్యూమ్‌లో (లినక్స్‌లో డిస్కుని పంచే పద్ధతిలోని ఒక భాగంలో) పెట్టాం. ఆ భాగాలన్నీ పంచుకునే వాల్యూమ్ గ్రూప్‌లో 15 నుంచి 20 శాతం ఖాళీ వదలాలి. ఇన్‌స్టాలర్ చెప్పినట్టు డిస్కంతా వాల్యూమ్‌కే ఇచ్చేస్తే తర్వాత స్నాప్‌షాట్ (ఒక క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో అలా నిలిపి ఉంచే కాపీ) తీయడానికి చోటుండదు. ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే దాన్ని కుదించడం కూడా కుదరదు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రెండో వారం: 80 జీబీ ఫైలు

ముందు ఫైళ్ళు కాపీ చేసే మామూలు ఆర్‌సింక్ కమాండ్‌తో కాపీ చేసి చూశాం. సర్వర్‌లో ఉన్నదానికంటే కాపీ చాలా పెద్దదైంది. కారణాలు రెండు.

ఒకటి ఎల్‌డాప్ డేటా ఫైలు. డేటా, ఎల్‌డాప్, ఎండీబీ, డీబీ ఫోల్డర్లలోకి వరసగా దిగితే డేటా.ఎండీబీ అనే ఫైలు ఉంటుంది. ఫైలు సైజు చూపే ఎల్‌ఎస్ కొడితే 80 జీబీ చూపిస్తుంది, డిస్కులో నిజంగా పట్టిన చోటు చూపే డీయూ కొడితే కొన్ని ఎంబీలే. ఇది స్పార్స్ ఫైలు: గరిష్ఠ సైజు ముందే రాసిపెట్టుకుంటుంది, లోపల ఎక్కువ భాగం ఖాళీ. స్పార్స్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆర్‌సింక్ ఆ ఖాళీని సున్నాలతో నింపి 80 జీబీ నిజంగానే రాసేస్తుంది. డిస్కు నిండి బ్యాకప్ ఆగిపోయిందని వాపోయే చాలామంది విషయంలో దొంగ ఈ ఫైలే.

రెండోది హార్డ్‌లింకులు, అంటే ఒకే ఫైలుకి ఇంకొన్ని పేర్లు. ఒకే మెయిల్ 40 మందికి వస్తే జింబ్రా డిస్కు మీద ఒక్క కాపీ ఉంచి మిగతా 39 మందికి హార్డ్‌లింకులు పెడుతుంది. 5 ఎంబీ అటాచ్‌మెంట్ మెయిల్‌లో వెళ్ళే బేస్64 అక్షరాల్లోకి మారాక దాదాపు 6.8 ఎంబీ. హార్డ్‌లింకులు గుర్తించే ఆప్షన్, అంటే పెద్దక్షరం హెచ్, మర్చిపోతే అదే మెయిల్ బ్యాకప్‌లో 270 ఎంబీ దాటుతుంది. అంతకంటే చెడ్డ సంగతి రీస్టోర్ రోజున తెలుస్తుంది: పాత డిస్కులో పట్టిన డేటా అదే సైజు కొత్త డిస్కులో పట్టదు.

ఇవి చూశాక బోర్గ్ అనే బ్యాకప్ టూల్‌కి మారాం. డేటాని ముక్కలు చేసి, ఇంతకుముందు చూసిన ముక్కని మళ్ళీ దాచకపోవడం దాని పద్ధతి. డిఫాల్ట్ సెట్టింగులో ముక్క కనీసం 512 కేబీ, గరిష్ఠం 8 ఎంబీ, సగటున 2 ఎంబీ. సున్నాల ముక్కలన్నీ ఒకటే కాబట్టి డేటా.ఎండీబీ ఇక్కడ భారం కాదు. తిరిగి తీసేటప్పుడు మాత్రం ఎక్స్‌ట్రాక్ట్ కమాండ్‌కి స్పార్స్ ఆప్షన్ ఇవ్వాల్సిందే. కంప్రెషన్ జెడ్‌స్టాండర్డ్, లెవెల్ 3 సరిపోతుంది.

బోర్గ్‌కి ఇచ్చే డంపులని (డేటాని ఫైలుగా తీసిన కాపీలని) ముందే జీజిప్‌తో కుదించకూడదు. జీజిప్‌లో మొదట్లో ఒక్క అక్షరం మారినా దాని వెనకదంతా మారిపోతుంది, ముక్కలు కలవవు, రోజూ కొత్త డంపు పూర్తిగా దాచాల్సి వస్తుంది. ఒక్కో మెయిల్‌బాక్స్‌ని రోజూ జీజిప్ చేసిన టీజీజెడ్ ఫైలుగా ఎగుమతి చేసే స్క్రిప్టులు వద్దనడానికి కారణం ఇదే. ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు వాళ్ళ మెయిల్ విడిగా దాచడానికి ఆ పద్ధతి బాగుంటుంది.

మూడో వారం: రాత్రి స్క్రిప్టు

వరస ఇది. జెడ్‌ఎమ్‌స్లాప్‌క్యాట్ కమాండ్‌తో ఎల్‌డాప్ డేటా, కాన్ఫిగ్ రెండూ మామూలు టెక్స్ట్‌గా తీయాలి. సర్వీసులన్నీ ఆపడానికి జెడ్‌ఎమ్‌కంట్రోల్ స్టాప్. 10 జీబీ స్నాప్‌షాట్. వెంటనే జెడ్‌ఎమ్‌కంట్రోల్ స్టార్ట్. స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది, సమయమంతా సర్వీసులు ఆగి మళ్ళీ లేవడానికే. ఆ కాసేపట్లో మెయిల్ పోతుందన్న భయం అక్కర్లేదు, పంపే సర్వర్లు మళ్ళీ ప్రయత్నిస్తాయి. తర్వాత స్నాప్‌షాట్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తెరిచి) బోర్గ్ నడిపి, అన్‌మౌంట్ చేసి స్నాప్‌షాట్ తీసెయ్యాలి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే మౌంట్‌లో నోయూయూఐడీ ఆప్షన్ ఇవ్వాలి. ఒకే యూయూఐడీతో (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్యతో) ఇంకో ఫైల్‌సిస్టమ్ ముందే మౌంట్ అయి ఉండటంతో అది లేకుండా ఒప్పుకోదు. మౌంట్ చేసే దారి కూడా రోజూ ఒకటే ఉండాలి. తేదీ పేరుతో ఫోల్డర్ పెడితే బోర్గ్ ఫైల్ క్యాషే (ఇంతకుముందు చూసిన ఫైళ్ళ జాబితా) పనికిరాదు, మారని ఫైళ్ళని కూడా ప్రతి రాత్రీ మొదటి నుంచి చదువుతుంది.

సర్వర్‌లో జరిగే మార్పులతో స్నాప్‌షాట్ నిండితే చెల్లదు, బోర్గ్ మధ్యలో ఐ/ఓ ఎర్రర్లతో పడిపోతుంది. ఎల్‌వీఎస్ కమాండ్‌లో డేటా శాతం చూస్తూ ఉండాలి. మొదటి బ్యాకప్ గంటల తరబడి సాగుతుంది కాబట్టి ఆ ఒక్కసారికి 30 జీబీ ఇచ్చాం. స్క్రిప్టు ఎక్కడ పడినా స్నాప్‌షాట్ తీసేసేలా ట్రాప్ (స్క్రిప్టు ఆగేటప్పుడు నడిచే ఆదేశం) పెట్టాలి. లేకపోతే అది పగలంతా నిండుతూ సర్వర్‌ని నెమ్మది చేస్తుంది.

బ్యాకప్‌లో వదిలేసినవి: లాగ్, టెంపరరీ ఫైళ్ళు, సెర్చ్ కోసం ఉండే ఇండెక్స్. ఇండెక్స్ ఫైళ్ళు తరచూ మారుతుంటాయి, డీడూప్ (ఒకే ముక్కని మళ్ళీ దాచకపోవడం) అంతగా అవ్వదు. రీస్టోర్ తర్వాత ఒక్కో మెయిల్‌బాక్స్‌కి రీఇండెక్స్ చేసుకోవచ్చు. అయ్యేదాకా సెర్చ్ పనిచెయ్యదన్నది దీని ఖరీదు. ఎక్కువమంది వాడే సర్వర్ అయితే ఇండెక్స్‌ని కూడా ఉంచుకోవడమే మంచిది.

బ్యాకప్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీని (మెయిల్ సర్వర్ లాగిన్ అయ్యే తాళాన్ని) అపెండ్ ఓన్లీకి, అంటే కొత్తది చేర్చడానికి మాత్రమే, కట్టాం. మెయిల్ సర్వర్ ఎవరి చేతికైనా చిక్కినా పాత బ్యాకప్‌లని నిజంగా చెరిపేయలేరు. ప్రూన్ (పాత బ్యాకప్‌లు తీసెయ్యడం) వారానికోసారి, సర్వర్ మీద లేని వేరే కీతో, లిస్టు కళ్ళారా చూశాకే: రోజువి 7, వారంవి 4, నెలవి 6. బోర్గ్ 1.2 నుంచి ప్రూన్ ఒక్కటే చేస్తే చోటు రాదు, తర్వాత కాంపాక్ట్ నడపాలి. బ్యాకప్‌ని తెరిచే రిపోకీ ఎగుమతి, పాస్‌ఫ్రేజ్ రెండూ కాగితం మీద ఉన్నాయి. అవి మెయిల్‌బాక్స్‌లోనే దాచితే సర్వర్ పోయిన రోజున దేనికీ పనికిరావు.

నాలుగో వారం: రీస్టోర్

అదే హోస్ట్‌నేమ్‌తో, అదే జింబ్రా వెర్షన్‌తో వర్చువల్ మెషీన్. ఇన్‌స్టాల్ స్క్రిప్టుకి ఎస్ ఆప్షన్ ఇస్తే సాఫ్ట్‌వేర్ మాత్రమే పెట్టి కాన్ఫిగర్ చెయ్యకుండా ఆగుతుంది. నెట్‌వర్క్‌ని బయటికి వెళ్ళకుండా ముందే కట్ చెయ్యాలి. మెయిళ్ళు పంపే పోస్ట్‌ఫిక్స్ క్యూ కూడా బ్యాకప్‌లో ఉంటుంది. సర్వీసులు లేవగానే ఎప్పుడో వెళ్ళిపోయిన మెయిళ్ళు రెండోసారి వెళ్తాయి.

బోర్గ్ ఎప్పుడూ మనం ఉన్న ఫోల్డర్‌లోకే ఎక్స్‌ట్రాక్ట్ చేస్తుంది. బయటికి తీశాక మౌంట్ దారి తీసేసి ఆప్ట్/జింబ్రాలోకి సరిగ్గా చేరిందో చూడాలి. లోకల్‌కాన్ఫిగ్ ఎక్స్‌ఎంఎల్ తప్పకుండా బ్యాకప్ నుంచి వచ్చిందే ఉండాలి. ఎల్‌డాప్, మరియాడీబీల లోపలి పాస్‌వర్డ్లు అందులోనే ఉంటాయి. కొత్త ఇన్‌స్టాల్‌ది మిగిలితే ఏ సర్వీసూ లేవదు. తర్వాత ఫైళ్ళ అనుమతులు సరిచేసే జెడ్‌ఎమ్‌ఫిక్స్‌పర్మ్స్, ఎక్స్‌టెండెడ్ ఆప్షన్‌తో. తర్వాత స్టార్ట్. తర్వాత జెడ్‌ఎమ్‌బ్లాబ్‌చెక్: డేటాబేస్‌లో ఉండి స్టోర్‌లో లేని మెసేజ్‌లని అది పట్టి చెబుతుంది. సర్వీసులు ఆపి తీసిన స్నాప్‌షాట్ కాబట్టి జాబితా ఖాళీగా వచ్చింది.

ఒక్కరి మెయిల్ మాత్రమే కావాలంటే ఈ వర్చువల్ మెషీన్ నుంచే ఆ మెయిల్‌బాక్స్‌ని టీజీజెడ్‌గా తీసి, అసలు సర్వర్‌లోకి రిజాల్వ్ స్కిప్‌తో (ఉన్నవాటిని వదిలేసి) ఎక్కించాలి. రీసెట్ అని ఇస్తే అక్కడున్నదంతా తుడిచేసి పాతది పెడుతుంది. ఈ రెండు మాటల మధ్య చాలా జాగ్రత్త. పెద్ద మెయిల్‌బాక్స్‌కి టైమవుట్ సున్నా ఇవ్వాలి. తెలుగు పేరున్న ఫోల్డర్ ఒక్కటే తీసే పని క్రాన్‌లో (టైముకి పనులు నడిపేదానిలో) పెడితే లొకేల్‌ని (భాష సెట్టింగుని) యూటీఎఫ్-8కి సెట్ చెయ్యాలి. లేకపోతే 'జీతాలు' అన్న పేరు వరసగా ప్రశ్నార్థకాలై, ఫోల్డర్ లేదని సమాధానం వస్తుంది.

ఇంకా మిగిలినవి: బ్యాకప్ మెషీన్‌లో నెలకోసారి బోర్గ్ చెక్, రిపాజిటరీ ఓన్లీ ఆప్షన్‌తో, దానికి పాస్‌ఫ్రేజ్ అక్కర్లేదు. బోర్గ్ ఎగ్జిట్ కోడ్ 1 అంటే హెచ్చరిక, 2 అంటే ఫెయిల్. ఇప్పుడు స్క్రిప్టు రెంటినీ ఒకేలా చూస్తోంది, విడదీయాలి. ఆ అలర్ట్ కూడా ఇదే మెయిల్ సర్వర్‌కి వెళ్తోంది. దాన్ని ఫోన్‌కి మార్చాలి.