గార్డుకి నాలుగు బోల్టులు

అమెరికాలో లాయర్‌గా నా 23 ఏళ్ళూ ఒకే రకం కేసుల్లో గడిచాయి. ఏదో ఒక వస్తువు వల్ల మనిషికి దెబ్బ తగులుతుంది, దాన్ని తయారు చేసిన కంపెనీ మీద దావా వేస్తాడు, నేను కంపెనీ తరఫున వాదిస్తాను. నిచ్చెనలు, హీటర్లు, రంపాలు, ప్రెస్సులు. "దెబ్బ తిన్నవాడికి ఎదురుగా నిలబడటానికి నీకు మనసెలా ఒప్పుతుందే?" అని మా పిన్ని ఈమధ్య అడిగింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఒక కేసు గురించి రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, క్లయింటు రహస్యం కాపాడాల్సిన బాధ్యత నాది.

ఒక ఫ్యాక్టరీలో రెండు రోలర్ల మధ్య ఓ కార్మికుడి కుడిచెయ్యి పడింది. మూడు వేళ్ళు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా రోలర్ల ముందు అడ్డుగా ఉండాల్సిన ఇనప గార్డు ఆ రోజు గోడకి ఆనించి ఉంది. ఇక్కడ పనిలో దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ కింద వైద్యం ఖర్చు, జీతంలో కొంత వస్తాయి. దానికి బదులుగా, సాధారణంగా యజమాని మీద దావా వేయడానికి ఉండదు. పడిన నొప్పికి అందులో లెక్క లేదు. ఇక మిగిలింది యంత్రం తయారు చేసినవాళ్ళే. గార్డు ఎవరు విప్పినా నోటీసు మాకే వస్తుంది.

తయారీదారు మీద ఇలా దావా వేయగలగడం కూడా ఒకప్పుడు కష్టమే. నేరుగా అమ్మినవాడి మీదే తప్ప వేయకూడదని కోర్టులు చాలాకాలం అన్నాయి. 1916లో న్యూయార్క్‌లో బ్యూయిక్ కారు కేసులో జడ్జి కార్డోజో ఆ గోడ పడగొట్టారు. ఆ కారు చక్రం ఆకులు నాసిరకం చెక్కతో చేసినవి, విరిగిపోయాయి. కారు కొన్నది డీలర్ దగ్గర. అయినా జవాబు చెప్పాల్సింది తయారీదారే అన్నారు. కంపెనీల తరఫున బతికే నేను కూడా అది సరైన తీర్పనే అంటాను.

యంత్రం చూడకుండా నేను వాదన రాయను. తనిఖీ రోజు రెండు పక్షాల ఇంజనీర్లూ వచ్చారు. ఏం కొలవాలో, దేన్ని ముట్టుకోకూడదో ముందే కాగితం మీద ఒప్పుకున్నాం. మా ఇంజనీరు రోలర్ల మధ్య సందు కొలుస్తుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని గార్డు చూశాను. నాలుగు బోల్టులు. చుట్టూ పెయింట్ లేచిపోయింది, తలలు అరిగిపోయి గుండ్రంగా ఉన్నాయి. ఒకటి రెండుసార్లు విప్పితే అలా అవవు. రోలర్లకి అంటుకున్న జిగురు తుడవాలంటే గార్డు విప్పి తీరాలి. మా మాన్యువల్‌లో "ప్రతి షిఫ్టులో శుభ్రం చేయాలి" అని ఉంది. పక్క పేజీలోనే "గార్డు లేకుండా నడపరాదు" అని ఉంది. రెండూ మేం రాసినవే.

తర్వాత డిపొజిషన్, అంటే విచారణకి ముందే సాక్షిని ప్రమాణం మీద ప్రశ్నించడం. ఫెడరల్ (కేంద్ర) కోర్టుల రూల్స్ ప్రకారం ఒక సాక్షిని ఒకరోజు, 7 గంటలు అడగొచ్చు. ఆ కార్మికుణ్ణి అడగడం నేను మూడు గంటల్లో ముగించాను. "గార్డు లేదని మీకు తెలుసా?" అని అడిగాను. "తెలుసు మేడం. బిగిస్తే మళ్ళీ విప్పడానికి ఇరవై నిమిషాలు" అన్నాడు. అది మాకు పనికొచ్చే జవాబే. జ్యూరీ అతని తప్పు కూడా లెక్కలోకి తీసుకుని పరిహారం తగ్గించవచ్చు. కానీ అబద్ధం చెప్పే వీలున్నా అతను చెప్పలేదు. చెయ్యి బల్ల కింద పెట్టుకునే ఉన్నాడు.

ఆ రాత్రి క్లయింటుకి రిపోర్ట్ రాశాను. కార్మికుడి తప్పుంది, యజమాని తప్పు ఇంకా ఎక్కువ. అయినా శుభ్రం చేసే పనికీ గార్డుకీ పొత్తు కుదరని డిజైన్ మాది, సెటిల్ చేసుకుందాం అని. ఇంజనీరింగ్ మేనేజర్ చాలాసేపు వాదించారు. డిజైన్ మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని ఆయన భయం. ప్రమాదం తర్వాత చేసిన మార్పుని లోపానికి రుజువుగా వాడకూడదని ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 407వ రూల్ ఉందని చూపించాను. బాగు చేసుకునేవాళ్ళు భయపడి ఆగిపోకూడదనే ఆ రూల్ పెట్టారు. నాకు చాలా ఇష్టమైన రూల్ అది.

మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి ముందు, సెటిల్ అయింది. ఏడాది తర్వాత కొత్త డ్రాయింగ్ నాకు పంపారు. బోల్టుల్లేవు. గార్డు కీలు మీద తలుపులా తెరుచుకుంటుంది, తెరవగానే రోలర్లు ఆగిపోతాయి. ఆ డ్రాయింగ్ ఫొటో తీసి పంపుదామనుకున్నాను కానీ పంపకూడదు కదా. ఇది చదువు పిన్నీ.