కంప్యూటర్ లోపల కాలుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు?

మా డెస్క్‌టాప్‌లో అంటుకున్నది మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి (ఇప్పటి డిస్కుల కనెక్టర్) మార్చే చిన్న కేబుల్. ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) సాటా పవర్ కనెక్టర్లు అయిపోతే, అదనపు హార్డ్ డిస్క్ కోసం అందరూ కొనేదే. ముందు ప్లాస్టిక్ మాడిన వాసన, తర్వాత గ్రిల్‌లోంచి పొగ, డిస్క్ వెనక గోరంత మంట. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది, స్క్రీన్ మీద ఒక్క ఎర్రర్ లేదు.

అప్పుడు మౌస్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టకూడదు. విండోస్ సర్దుకుని ఆగేదాకా 12 వోల్టులు ఆ మంటకి అందుతూనే ఉంటాయి. నేరుగా కరెంటు తీసేయాలి. మన ఇళ్లలో ఇక్కడో చిక్కుంది: కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంటే గోడ స్విచ్ ఆపినా లాభం లేదు. కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ మీదకి మారుతుంది, మంట ఆగదు. యూపీఎస్ బటన్నే నొక్కి పట్టుకుని ఆపాలి. ఇన్వర్టర్ లైను మీద ప్లగ్గు ఉన్నా ఇంతే, మెయిన్ ఆపితే సరిపోదు, ఆ సాకెట్ స్విచ్చే ఆపాలి. నేను యూపీఎస్ ఆపగానే ఫ్యాన్లు ఆగాయి, కాసేపటికి మంట దానంతట అదే ఆరిపోయింది. మూత మాత్రం వెంటనే తీయలేదు. లోపల ఇంకా రగులుతుంటే కొత్త గాలి ఇచ్చినట్టవుతుంది.

ఆరకపోతే 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మంచిది. కొట్టేటప్పుడు దాని గొట్టం చివరి గరాటా పట్టుకోకూడదు, చల్లదనానికి చర్మం దెబ్బతింటుంది. ఇంట్లో ఉన్నది ఏబీసీ పౌడర్ అయితే అదే కొట్టండి, కానీ ఆ పౌడర్ తేమ పీల్చి బోర్డుల్ని తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇంకా త్వరగా. ఆ కంప్యూటర్ మీద ఆశ వదులుకోవచ్చు. నీళ్లు మాత్రం వద్దు. మంట క్యాబినెట్ దాటి కర్టెన్లకో టేబుల్‌కో అంటుకుంటే గది తలుపు వేసి బయటికి వచ్చి 101కో 112కో ఫోన్ చేయడమే. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, వైర్ల పీవీసీ కాలితే వచ్చేది అదే. మంట లోపలే ఆరిపోతే కిటికీలు తెరవాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

ఇంతా జరిగితే ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తనంతట తనే పడే స్విచ్) ఎందుకు పడలేదు? లెక్క వేస్తే తెలుస్తుంది. మాడిన ప్లాస్టిక్ బొగ్గవుతుంది, బొగ్గు కరెంటుని మోస్తుంది. అలా 12 వోల్టుల లైను నుంచి గ్రౌండ్‌కి (కనెక్టర్‌లోని నల్ల వైరుకి) 8 ఆంపియర్లు పారాయనుకుందాం. 96 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, ఇది దానికి దాదాపు నాలుగింతలు, అదీ వేలి కొసంత ప్లాస్టిక్‌లో. అదే వేడి 230 వోల్టుల వైపు నుంచి చూస్తే అర ఆంపియర్ కూడా కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) చూసేది ఫేజ్, న్యూట్రల్ కరెంటుల మధ్య తేడాని. ఎస్‌ఎంపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనీ వేరు చేస్తుంది కాబట్టి దానికీ ఏమీ కనపడదు. ఇక ఎస్‌ఎంపీఎస్ సొంత రక్షణ: అవుట్‌పుట్ నిరోధం 0.1 ఓము కన్నా తగ్గితేనే ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ప్రమాణం) లెక్కలో అది షార్ట్. మన బొగ్గు ముక్క ఓము పైనే. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఒక్క 12 వోల్టుల లైను మీదే 40 ఆంపియర్ల పైగా ఇవ్వగలదు, 8 అడిగితే గ్రాఫిక్స్ కార్డు అడిగిందనుకుని ఇచ్చేస్తుంది.

చల్లారాక ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి, కనెక్టర్‌ని బయటికి తీశాను. సాటా పవర్‌కి 15 పిన్నులు, పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. చవక రకంలో వైర్లు పెట్టి చుట్టూ కరిగిన ప్లాస్టిక్ పోస్తారు. ఆ ఒత్తిడికి లోపల పిన్నులు పక్కకి జరిగినా బయటికి తెలియదు. నెలల తరబడి వేడెక్కి చల్లారి, ఒకరోజు 12 వోల్టుల పిన్ను పక్కనున్న గ్రౌండ్‌ని పట్టుకుంటుంది. వెనక ఊడదీసే మూత ఉండి, గాడుల్లోకి నొక్కిన వైర్లు వరసగా కనిపించే రకం నయం. అతుకు లేని గట్టి దిమ్మలా ఉంటే కొనకండి. పిన్నుకి 1.5 ఆంపియర్ల చొప్పున 12 వోల్టులకి మూడు పిన్నులు, మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. ఈ కేబుల్‌తో గ్రాఫిక్స్ కార్డు రైజర్ (కార్డుని మదర్‌బోర్డుకి దూరంగా పెట్టుకునే విడి స్లాట్) నడిపేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి, స్లాట్ 12 వోల్టుల మీద 66 వాట్ల దాకా లాగవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. బయటి నుంచే పరీక్షించవచ్చు: అన్ని పరికరాల నుంచీ ఊడదీసి, పాత ఫ్యాన్ ఒకటి తగిలించి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని ఏదో ఒక నల్ల వైరుతో కలిపి స్విచ్ వేయాలి. మల్టీమీటర్‌తో చూస్తే పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. మాది సరిగ్గానే చూపించింది. అయినా ఒక్క ఫ్యాన్ తప్ప లోడ్ లేకుండా వచ్చిన అంకెల్ని నమ్మి మసి పట్టిన దాన్ని మళ్లీ వాడటం నాకిష్టం లేదు, మార్చేశాను.

డిస్క్ సంగతి ఓపిగ్గా చూడాలి. 3.5 అంగుళాల దానికి 12, 5 వోల్టులు రెండూ కావాలి. పవర్ పిన్నుల్లో 7 నుంచి 9 వరకు 5 వోల్టులు, 13 నుంచి 15 వరకు 12 వోల్టులు, 12వది గ్రౌండ్. మల్టీమీటర్ ఈ రెండు గుంపుల్లో దేనికైనా గ్రౌండ్‌తో సున్నా ఓములు చూపిస్తే, బోర్డు మీద రక్షణకి పెట్టిన టీవీఎస్ డయోడ్ ప్రాణమిచ్చి మిగతాదాన్ని కాపాడి ఉండొచ్చని అర్థం. దాన్ని తీసేస్తే చాలా డిస్కులు తిరుగుతాయి, కానీ రక్షణ ఉండదు, డేటా తీసుకునేంత వరకే. బోర్డే మార్చాల్సి వస్తే పాత బోర్డులోని 8 కాళ్ల రోమ్ చిప్‌ని కొత్తదానికి మార్చాలి, లేకపోతే డిస్క్ తన సొంత లెక్కలు మర్చిపోతుంది. మాది షార్ట్ చూపించలేదు. పిన్నులకి అంటుకున్న ప్లాస్టిక్‌ని చెక్క పుల్లతో గీకి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, డీడీరెస్క్యూతో (దెబ్బతిన్న డిస్కుల్ని కాపీ చేసే ప్రోగ్రామ్) ముందు మొత్తం డిస్క్‌కి ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీశాను. ఫైళ్లు వెతకడం ఆ తర్వాతే.

మదర్‌బోర్డు, ర్యామ్ స్లాట్లు, ఫ్యాన్లు కూడా అదే ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవాలి, వాయిదా వేయకుండా. మసిలో క్లోరైడ్ ఉంటుంది, రాగి మీద పచ్చటి చిలుము త్వరగా పడుతుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు సాటా కనెక్టర్లు లెక్కపెట్టండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనైనా ఆన్‌లైన్‌లోనైనా డబ్బా వెనక ఆ సంఖ్య రాసి ఉంటుంది. మాడ్యులర్ రకమైతే (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునేది) పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు పారేయండి. డిస్క్ వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకొక తీరు, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌కొక తీరు. చక్కగా దూరుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తాయి.