నోట్సులు ఎండబెట్టిన ఏడు

మన బడి పాత విద్యార్థులం కలుసుకునే రోజుకి వేసిన కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు, "లెక్కల మాస్టారి గురించి రాయరా, ఆయన దెబ్బలు నీకంటే ఎవడు ఎక్కువ తిన్నాడు" అని. నిజమే. కానీ రాద్దామని కూర్చుంటే టెన్త్‌లో ఉండగా వచ్చిన తిత్లీ తుపానే గుర్తొస్తోంది, మిగతా నాలుగేళ్లూ ఎటు పోయాయో తెలీదు.

2018 అక్టోబరు 11, దసరా సెలవులు. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి 150 కిలోమీటర్లని తర్వాత విన్నాం, అప్పుడు మాత్రం పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు, నానమ్మ మంచం చుట్టూ అందరం. తెల్లారాక చూస్తే అరవై కొబ్బరి చెట్లలో నిలబడ్డవి పదకొండు, జీడితోట మొత్తం నేలమీదే. నాన్న గట్టుమీద కూర్చుని ఏమీ అనలేదు. నేను ఏడ్చింది మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నా, నోట్సుల కోసం. పెట్టెలోకి నీళ్లు దూరి సైన్సు, సోషల్ ముద్దయిపోయాయి. పబ్లిక్‌కి అయిదు నెలలే ఉంది, ఒకటే టెన్షన్, ఈ ఏడు పరీక్ష రాయను పొమ్మన్నాను.

అమ్మ తిట్టలేదు. ఎండ రాగానే గచ్చుమీద చీర పరిచి, వడియాలు పెట్టినట్టు ఒక్కో కాగితం పరిచి, ఎగరకుండా జీడిపిక్కలు పెట్టింది. కరెంటు లేని ఆ రాత్రుల్లో అయిదు వరకే చదివిన నాన్న దీపం దగ్గర సోషల్ పుస్తకం పట్టుకుని నాచేత అప్పజెప్పించుకునేవాడు. వేలుపెట్టి అక్షరం అక్షరం చూసి, "ఓ ముక్క ఒగ్గేసినావురా" అనేవాడు. "గుంటడికి నిద్దరొస్తంది, ఆపరా" అని నానమ్మ. చెట్లు పోయింది ఆయనకి, ఓదార్పు నాకు. అప్పుడది తట్టలేదు.

బడి తెరిచిన రోజే మాస్టారు "హోంవర్కు ఏదీ?" అన్నారు. "గాలికి పోయిందండి" అన్న వీరుడి పేరు రాయను, ఇప్పుడు వాడూ పంతులే. సిరా పారిన నా పేజీల మీద పిక్కల మచ్చలు చూసి ఇదేంట్రా అని అడిగి, అంతా విని, నా చెవి వదిలేశారు. ఆయన నన్ను కొట్టని రోజు అదొక్కటే.

టెన్త్‌లో 9.2 గ్రేడు వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో డ్యూటీ. ఆ చీకట్లు చూసే ఈ లైన్లోకి వచ్చానని మా అప్ప ఊరంతా చెబుతుంది, సీటు అందులో దొరికిందంతే. పోయినేడు ఇంటికి శ్లాబు వేయించాను, అదొక్కటి రాసుకోనివ్వండి.

నాన్న మళ్లీ వేసిన మొక్కలు ఈ ఏడే కాపుకొచ్చాయి. కలుసుకునే రోజు ఓ గోనెడు బొండాలు తెస్తాను, కత్తి మాత్రం ఎవడైనా తేవాలి. మొదటిది మాస్టారికి.