డచ్‌లో క్రియకు రెండో కుర్చీ

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చిన రెండేళ్ల దాకా నేను డచ్ జోలికి పోలేదు. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కదా! ఒకరోజు పక్కింటి పెద్దావిడ మా పార్సిల్ తీసిపెట్టారు. "నిన్న ఇంట్లో లేను" అని చెప్పబోయి "ఖిస్తరన్ ఇక్ వాస్ నీట్ టౌస్" అన్నాను. ఆవిడ నవ్వి, "ఓ, ఖిస్తరన్ వాస్ యె నీట్ టౌస్!" అన్నారు. క్రియ 'వాస్' ఒక అడుగు ముందుకు జరిగిందని ఇంటికొచ్చాక తట్టింది.

ఆ వారమే క్లాసులో చేరాను. టీచర్ బోర్డు మీద వరసగా కుర్చీలు గీశారు. రెండో కుర్చీ క్రియది. మొదటి దాంట్లో 'నేను' కూర్చున్నా, 'నిన్న' కూర్చున్నా క్రియ మాత్రం కదలదు. 'నిన్న' ముందుకొస్తే 'నేను' లేచి క్రియ వెనక్కి వెళ్లాలి. నాకు ఇది ఒంటబట్టడానికి నెలలు పట్టింది, ఎందుకంటే ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో కట్టుకునేవాణ్ణి.

తెలుగులో కట్టుకోవాల్సిందని 'ఒమ్‌డాట్' దగ్గర తెలిసింది. 'ఎందుకంటే' అనే అర్థంలో 'వాంట్' వాడితే "వాంట్ ఇక్ బెన్ సీక్", అదే 'ఒమ్‌డాట్' వాడితే "ఒమ్‌డాట్ ఇక్ సీక్ బెన్". రెండిటికీ అర్థం 'ఎందుకంటే నాకు ఒంట్లో బాలేదు' అనే; 'బెన్' క్రియ. రెండోదాంట్లో క్రియ చివరికి పోతుంది, అచ్చం మనలాగే. క్లాసులో ఇంగ్లీషు వాళ్లు తలలు పట్టుకుంటే నేను హాయిగా ఉన్నాను. "రేపు రైల్లో ఊట్రెఖ్ట్ వెళ్తున్నా" అన్నా అంతే: ముందు ఎప్పుడు, తర్వాత ఎలా, ఆఖర్న ఎక్కడికి. "ఇక్ ఖా మోర్ఖన్ మెట్ డె ట్రెయిన్ నార్ ఊట్రెఖ్ట్." 'వెళ్తున్నా' అనే 'ఖా' ఒక్కటి పక్కన పెడితే మన వరసే.

ఏడిపించింది విడిపోయే క్రియలు. ఫోన్ చెయ్యడం 'ఒప్‌బెల్లన్'. వాక్యంలోకి రాగానే రెండు ముక్కలవుతుంది: "మోర్ఖన్ బెల్ ఇక్ యె ఒప్" (రేపు నీకు ఫోన్ చేస్తా). చివరి 'ఒప్' నోట్లోనే ఉండిపోయేది.

ఇక 'డె', 'హెట్' గొడవ. రెండూ ఇంగ్లీషు 'the' లాంటివే, ఏ మాటకి ఏది వస్తుందో గుర్తుపెట్టుకోవాలి. అమ్మాయి కూడా 'హెట్ మెయ్‌ష్యె'! మాట చివర 'యె' తగిలించి చిన్నది చేస్తే ఎప్పుడూ 'హెట్' అని తెలిశాక, అనుమానమొచ్చిన ప్రతిదాన్నీ చిన్నది చేసేయడం మొదలుపెట్టాను. బల్ల కొన్నామని పక్కింటావిడకి చెబుతూ 'హెట్ టాఫెల్ట్యె' అన్నాను. ఆవిడ మా ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ వైపు చాలాసేపు చూశారు.